తాత్పర్యం గారి జన్మదండం

మ్యూజియంలో ఆయన్ని ఎదురుగా సార్ అనేవాళ్ళు, వెనక తాత్పర్యం గారు అనేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. పెట్టినవాళ్ళు మాత్రం చిన్నప్పుడు బళ్ళో పద్యాల తాత్పర్యాలు బట్టీ పట్టి విసిగిపోయినవాళ్ళే అయ్యుండాలి. పద్యం ఒక మాట చెబితే తాత్పర్యం పది మాటలు చెబుతుంది కదా, ఈయనా అంతే. ఎదురుగా ఒక చెక్కముక్క పెడితే చాలు, అందులోంచి ఒక జాతిని, వాళ్ళ దేవుణ్ణి, వాళ్ళ పుట్టుకల్నీ చావుల్నీ వరసపెట్టి బయటికి లాగేవాడు.

ఆయన ఉద్యోగం పైఅంతస్తులో ఉన్న జనజీవన విభాగానికి క్యురేటర్. అంటే మామూలు మనుషుల ఇళ్ళలోంచి వచ్చిపడ్డ సామాన్లకు పెద్దదిక్కు. కింది అంతస్తులో రాజుల కత్తులూ కిరీటాలూ ఉండేవి. వాటికి తాత్పర్యంతో పనిలేదు, కత్తి కత్తే. పైన ఉన్నవన్నీ బుట్టలు, తట్టలు, కర్రలు, తాళ్ళు, కుండలు, మూతలు. ఇవేమిటో, దేనికి వాడారో వాటిని మోసుకొచ్చినవాళ్ళు చెప్పిపోలేదు. ఒక్కో వస్తువు గురించి చిన్న అట్టముక్క మీద నాలుగు వాక్యాలు రాసి, అద్దాల పెట్టెలో దాని పక్కన నిలబెట్టడం ఆయన పని. అట్టముక్కను అక్కడ కార్డు అంటారు. ఆయన జీవితమంతా ఆ కార్డుల్లోనే ఉంది.

దువ్వెన పక్కన ఏముండాలి? దువ్వెన అని ఉండాలి. ఆయన కార్డులో "బతుకు చిక్కులను విడదీసే దైవశక్తికి ప్రతీక" అని ఉండేది. ఒక కుండకు మూత లేదు, లారీలోంచి దించుతుంటే ఎవరో పగలగొట్టారు. దాని పక్కన "శూన్యాన్ని ఆరాధించే సంప్రదాయం" అని రాశాడు. ఒంటి చెప్పు ఒకటి దొరికితే "ఒంటిపాద దీక్షలో ధరించేది" అని రాశాడు. రెండో చెప్పు తర్వాత ఎప్పుడో స్టోరు దులుపుతుంటే బయటపడింది. దాన్ని మళ్ళీ అక్కడే దాచేశారు, లేకపోతే దీక్ష చెడుతుంది మరి. అయితే అన్నిటికీ ఇంత ఓపిక ఉండేది కాదు. భోజనం చేసి వచ్చాక చేతికి తగిలినవాటికీ, చూపుకు ఆననివాటికీ "గృహోపకరణం" అని ఒక్క ముక్క పడేసి కునుకు తీసేవాడు.

ఇంత తాత్పర్యం ఎక్కణ్ణించి వచ్చేదంటే, ఎవర్నీ అడక్కపోవడం నుంచి వచ్చేది. పైఅంతస్తులో సగం సామాను ఏటి అవతలివాళ్ళది. వాళ్ళేమైనా ఎప్పుడో అంతరించిపోయినవాళ్ళా అంటే కాదు. ఆయన కుర్చీ పక్క కిటికీలోంచి చూస్తే ఏటికి అవతల వాళ్ళ పొయ్యిల పొగ కనిపించేది, గాలి ఇటు తిరిగితే వాళ్ళ కుక్కల అరుపులు కూడా వినిపించేవి. వెళ్ళి అడగొచ్చు కదా అని ఒకసారి ఎవరో అమాయకంగా అంటే, పడవెక్కితే తనకు కళ్ళు తిరుగుతాయన్నాడు. తర్వాత వంతెన వచ్చింది. అప్పుడేమన్నాడంటే, వంతెన వచ్చాక వాళ్ళు మనలాగే అయిపోయారు, ఇప్పుడు అడిగి లాభం లేదన్నాడు. అసలు ఆయన నమ్మకం వేరే ఉంది. వాడినవాడికి వాడకం తెలుస్తుంది గానీ అర్థం తెలియదు, అర్థం చదువుకున్నవాడు చెప్పాలి అని ఒక సంచికలో వ్యాసం కూడా రాశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈయనకు వినేవాళ్ళే కాదు, వస్తువు సొంతదార్లు కూడా లోకువే.

ఇంట్లో మాత్రం ఈ విద్య సాగేది కాదు. ఆయన భార్య పాలగిన్నె మూత మీద రోజూ ఒక ఇటుకముక్క పెట్టేది. ఒక ఆదివారం ఆయన తీరిగ్గా కూర్చుని, పాలు సంపదకు గుర్తనీ, ఇటుక ఇంటికి గుర్తనీ, సంపద మీద ఇంటి బరువు పెట్టడంలో ఆడవాళ్ళ తరతరాల ఆలోచన దాగుందనీ చెప్పుకొచ్చాడు. ఆమె అంతా విని, పిల్లి అంది. ఆయన అర్థం కానట్టు చూస్తే, మూత తోసి తాగిపోతోందండీ అని విడమర్చింది. అది నీకు తెలిసిన కారణం, నీకు తెలియని కారణం ఇంకొకటి ఉందన్నాడు. అయితే ఆ తెలియని కారణాన్నే పొద్దున లేచి పాలు తెమ్మనండి అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ మాటకు కూడా ఒక తాత్పర్యం వెతికాడు గానీ, పైకి చెప్పే ధైర్యం చేయలేదు.

ఆయనకు పేరు తెచ్చిపెట్టింది ఒక కర్ర. ఒకరోజు పైనుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారని, ఖాళీగా ఉన్న నడిమి పెట్టెలో ఏదో ఒకటి పెట్టమని అప్పటి డైరెక్టరు తొందర పెట్టాడు. స్టోరులో చెయ్యి పెడితే అది తగిలింది. మూరెడు పొడుగు, రెండు చివర్లూ గుండ్రన, మధ్యలో ఒక బెజ్జం, ఒక అంచున తొమ్మిది గాట్లు. చేతుల రాపిడికి నున్నగా మెరుస్తోంది. ఏటి అవతలి సామాను అని దాని మీద సుద్దతో రాసి ఉంది, అంతకుమించి దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు. ఆయన దాన్ని బల్ల మీద పెట్టుకుని టీ తెప్పించుకున్నాడు. టీ చల్లారకముందే కార్డు తయారైంది.

"జన్మదండం. ఏటి అవతలి జాతిలో తొలిచూలు బిడ్డ జన్మించినపుడు తల్లి నుండి కుమార్తెకు సంక్రమించే పవిత్ర దండం. మధ్య రంధ్రం గర్భానికి, తొమ్మిది గాట్లు నవమాసాలకు ప్రతీకలు. శిశువు నుదుటిని దీనికి తాకించెదరు. తద్వారా వంశపు ప్రాణశక్తి శిశువులో ప్రవేశించునని వారి విశ్వాసం."

పెద్దల్లో ఒకావిడ ఆ కార్డు చదివి కళ్ళు తుడుచుకుంది. అక్కణ్ణించి ఇక జన్మదండానికి తిరుగులేదు. మ్యూజియం గేటు మీద బొమ్మ వేయించారు, టికెట్టు మీద అచ్చేశారు, బయట అమ్మే సంచుల మీదా తాళాల గుత్తుల మీదా ఎక్కించారు. చివరికి ఐదో తరగతి వాచకంలో పాఠమైంది. పాఠం కింద ప్రశ్నలు కూడా ఇచ్చారు. తొమ్మిది గాట్లు దేనికి ప్రతీకలు అన్న ప్రశ్నకు జవాబు రాయలేని పిల్లల్ని పంతులమ్మలు నిలబెట్టేవాళ్ళు.

ఏటి అవతలి పిల్లలూ ఆ వాచకమే చదివారు. చదివి పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళకూ పిల్లలు పుట్టారు. ఒకరోజు ఒక జంట పసిగుడ్డును పొత్తిళ్ళలో పెట్టుకుని వంతెన దాటి వచ్చి, టికెట్టు కొనుక్కుని, పైకెక్కి, బిడ్డ నుదురు అద్దానికి ఆనించి వెళ్ళింది. తర్వాత ఇంకో జంట వచ్చింది. కొన్నాళ్ళకు ఆదివారమైతే మెట్ల మీద వరస కట్టేవాళ్ళు. పిల్లల చొంగా, ముక్కు మరకలూ అద్దం మీద నుంచి తుడవలేక అక్కడి వాచ్‌మన్ గుడ్డ పట్టుకుని గొణుక్కునేవాడు.

ఇదంతా చూసి ఆయనకు చిన్న అనుమానమైనా రావాలి కదా. రాలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నవాడికి, ఊళ్ళో కుందేళ్ళన్నీ కుంటుతూ ఎదురొస్తే ఎంత సంబరమో అంత సంబరపడ్డాడు. టీ తాగుతూ కల్పించిన సంగతి మెల్లగా ఆయనే మరిచిపోయాడు. ఎవరైనా అడిగితే, ఎన్నో ఏళ్ళ పరిశోధన అండీ అని నేలచూపులు చూసేవాడు, వినయం అన్నమాట.

అలా హాయిగా రిటైరైపోవాల్సింది. ఇంకో ఏడాది ఉందనగా పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. మ్యూజియాల్లో ఉన్న పవిత్ర వస్తువుల్ని వాటి తాలూకు జనం అడిగితే తిరిగి ఇచ్చేయాలి. మామూలు గృహోపకరణాలైతే ఇవ్వనక్కర్లేదు, అవి మ్యూజియం సొత్తే. ఉత్తర్వు వచ్చిన వారానికే ఏటి అవతలినుంచి ఒక ముసలామె పదిమందిని వెంటేసుకుని వచ్చి, జన్మదండం మాకు ఇచ్చేయండి, మా పిల్లలకు దాంతో పనుంది అని డైరెక్టరు గది ముందు కూర్చుంది. ఆమెను వాళ్ళంతా పెద్దమ్మ అంటున్నారు.

ఇప్పుడున్న డైరెక్టరు కొత్తగా వచ్చిన ఆడమనిషి, కుండ బద్దలుకొట్టినట్టు మాట్లాడే రకం. ఆయన్ని పిలిచి, మీ కార్డు ప్రకారం ఇది పవిత్రం సార్, ఇవ్వక తప్పదు, విచారణ సంఘం ముందు మీరు ఏమంటారో చూసుకోండి అంది. ఎప్పుడో మరిచిపోయిన టీ సంగతి గుర్తొచ్చి ఆయనకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. పవిత్రం అంటే కర్ర పోతుంది. కాదు, నేనే అల్లాను అంటే కర్ర ఉంటుంది గానీ తను పోతాడు. జన్మదండం పోయాక పైఅంతస్తులో ఇక మిగిలేది తట్టాబుట్టా. రిటైరయ్యాక మనవల్ని తీసుకొచ్చి చూపించుకోవడానికి ఆ నడిమి పెట్టె తప్ప ఆయనకు ఇంకేముంది? ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు, అందుకే అంత భయమేసింది.

అన్నం దగ్గర భార్యతో చెప్పుకున్నాడు. ఆమె వడ్డిస్తూ వింది.

"నిజం చెప్పేయండి," అంది.

"చెబితే పరువు పోతుంది."

"చెప్పకపోతే?"

"కర్ర పోతుంది."

"ఇంకేం, కర్రనే ఉంచుకోండి. కర్రకైతే అద్దాల పెట్టె ఉంది. పరువును ఎక్కడ పెట్టి చూపిస్తారు?"

అది వెక్కిరింపని ఆయనకు తట్టలేదు. నాలుగు రోజులు ఆలోచించి ఆ మాటనే ఖాయం చేసుకున్నాడు. కార్డు తప్పు, అది మామూలు గృహోపకరణం, కాబట్టి మ్యూజియంలోనే ఉండాలి అని చెప్పేద్దామనుకున్నాడు. ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి ఆ మనిషి నిజం చెప్పడానికి సిద్ధమయ్యాడు. అదీ నిజం మీద ప్రేమతో కాదు, ఒక కర్రను దక్కించుకోవడానికి. మంచి చొక్కా వేసుకుని, అద్దంలో చూసుకుంటూ పశ్చాత్తాపం ముఖం రెండుమూడు సార్లు సాధన చేసి మరీ వెళ్ళాడు.

సంఘంలో డైరెక్టరు, ఒక లాయరు, బయటినుంచి పిలిపించిన ఒక ప్రొఫెసరు ఉన్నారు. పొడుగు బల్లకు ఇవతల ఆయన, అవతల ఏటి అవతలివాళ్ళు. జన్మదండం బల్ల మధ్య దూది పరుపు మీద పడుకుని ఉంది. ముందు పెద్దమ్మను చెప్పమన్నారు. ఆమె లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, మా అమ్మమ్మ చెప్పింది అని మొదలుపెట్టింది. తొలిచూలు బిడ్డ, తల్లి నుండి కుమార్తెకు, మధ్య రంధ్రం, నవమాసాలు, అన్నీ వరసగా చెప్పింది. చివర్లో ఒకచోట తడబడి, ఊపిరి తీసుకుని, "తద్వారా వంశపు ప్రాణశక్తి" అంది. తద్వారా అన్న అమ్మమ్మ భూప్రపంచంలో ఎక్కడా ఉండదు. బల్ల చుట్టూ ఉన్న చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ అది పట్టలేదు. ప్రొఫెసరైతే తన్మయంగా తలూపుతూ రాసుకుంటున్నాడు.

తాత్పర్యం గారికి మాత్రం అది తన మాటేనని తెలిసింది. గొంతు సవరించుకుని లేచాడు. అది పవిత్ర వస్తువు కాదనీ, దాని గురించి తనకు ఏమీ తెలియదనీ, పెద్దలు వస్తున్నారని హడావుడిలో టీ తాగుతూ కల్పించి రాశాననీ, వీళ్ళు చెబుతున్నది తన కార్డేననీ ఒప్పుకున్నాడు. సాధన చేసిన ముఖం కూడా పెట్టాడు. పెద్దమ్మ ముఖం పాలిపోయింది. ఆమె పక్కనున్న మనవరాలు ఆమె చెయ్యి పట్టుకుంది.

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి, చిన్నపిల్లవాడికి నచ్చజెప్పినట్టు నవ్వాడు.

"కల్పించానని మీరు అనుకుంటున్నారు. అది మీ చేత పలికింది, అంతే. ఒక జాతి జ్ఞాపకం తనకు దొరికిన నోటిని వాడుకుంది. వాడినవాడికి వాడకం తెలుస్తుంది గానీ అర్థం తెలియదని మీరే రాశారు కదా. రాసినవాడికీ అంతేనండీ."

ఆయన కాదు మహాప్రభో అన్నాడు. నిజంగా టీ తాగుతూ రాశానన్నాడు. ఆఖరికి ఆ రోజు టీలో పంచదార తక్కువైందని కూడా చెప్పాడు. ప్రొఫెసరు దాన్నీ రాసుకున్నాడు. లాయరు గడియారం చూసుకున్నాడు. ఆదివారాలు వరస కట్టే పిల్లల తల్లుల్ని, అద్దం మీద మరకల్ని, ఐదో తరగతి పాఠాన్ని డైరెక్టరు సాక్ష్యంగా చదివి వినిపించింది. ఇంతమంది నమ్మినదాన్ని ఒక్క మనిషి నమ్మకపోతే అది ఆయన వ్యక్తిగత విషయమని లాయరు తేల్చాడు. జన్మదండం పవిత్రమని తీర్మానమైపోయింది. కర్ర పోయింది. పరువు పోలేదు గానీ, నిజం చెప్పినా నమ్మనంత పరువు ఉండి ఏం లాభమని ఆయనకు ఆ పూట ఏడుపొచ్చినంత పనైంది. రెండింట్లో ఒకటి కాపాడుకోబోయి రెంటికీ చెడ్డవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. నిజం చెప్పి చెడ్డవాడు మాత్రం ఈయనొక్కడే.

అప్పగింత మర్నాడు పెట్టుకున్నారు. పైఅంతస్తులో స్టోరు పక్కనున్న చిన్న గదిలో, కిటికీ వెలుగులో, వస్తువును ఇచ్చే పని ఆయనదే. మిగతావాళ్ళు కింద వరండాలో ఆగారు, పెద్దమ్మ ఒక్కతే ఒక పాత నూలు చీరముక్క పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆయన ముఖం గంటు పెట్టుకుని, తెల్ల తొడుగుల జత ఆమె ముందుకు తోశాడు. ముట్టుకోవాలంటే అవి వేసుకోవాలని చెప్పాడు. ఆమె వినిపించుకోకుండా కర్రను ఒట్టి చేత్తో తీసుకుంది. ఆమె బొటనవేలు తనంత తానే వెళ్ళి ఒక గాటులో కూర్చుంది.

"అరిగిపోయింది," అంది. "మా అమ్మ చెక్కిన కొత్తలో ఇవి ఇంకా లోతుగా ఉండేవి."

"మీ అమ్మ చెక్కిందా?"

"మరి? కోళ్ళగూటి అడ్డకర్ర నాయనా ఇది. తాడు జారకుండా గాట్లు పెట్టింది. రెండు చాలు, ఊసుపోక తొమ్మిది పెట్టింది. పొద్దున్నే దీన్ని లాగి కోళ్ళను వదలడం నా పని."

నిన్న సంఘం ముందు అమ్మమ్మ చెప్పిందన్నారు కదా అని ఆయన అడిగాడు. ఆమె సిగ్గుపడలేదు. మనవరాలు ఆయన కార్డును ఫోన్లో ఫోటో తీసుకొచ్చి చదివి చదివి తనకు వల్లె వేయించిందనీ, ఆ తద్వారా దగ్గరే నోరు తిరక్క చచ్చాననీ చెప్పింది. అంతా బాగా అప్పజెప్పి కూర్చుంటే, ఆయన లేచి అబద్ధమనేసరికి గుండె జారిపోయిందట. నిజం చెప్పి మా కొంప ముంచబోయావు అని మెత్తగా చీవాట్లు పెట్టింది.

తర్వాత ఆమె కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కర్రను ఒళ్ళో పెట్టుకుని అసలు సంగతి చెప్పింది. ఆమె చిన్నతనంలో ఏరు పొంగింది. ఊరంతా మెరక మీదికెక్కి కూర్చుంది. నీళ్ళు తగ్గుముఖం పట్టాక, వీళ్ళు ఇంకా కిందికి దిగకముందే, ఇవతలి ఒడ్డునుంచి ఒక అధికారి పడవలు వేసుకుని వచ్చి, తలుపులు తెరిచున్న ఇళ్ళలోంచి కంటికి నచ్చినవన్నీ ఎత్తుకెళ్ళాడు. దిగి వచ్చేసరికి గూట్లో కోళ్ళూ లేవు, గూటికి అడ్డకర్రా లేదు. కోళ్ళు ఏట్లో పోయాయనుకున్నారు, కర్ర మాత్రం మ్యూజియంలో తేలింది. దీన్ని ఇక్కడ సేకరణ అంటారని మనవరాలు చెబితే ఆమెకు నవ్వొచ్చిందట.

"మీరు ముందే వచ్చి నాతో ఈ మాట చెప్పి ఉంటే," అని ఆయన నసిగాడు.

"నువ్వు అడగలేదు నాయనా."

ఆయనకు మొదట కోపం వచ్చింది. తన కార్డునే తన మీదికి తిప్పి తన పెట్టె ఖాళీ చేయించిందని ఒళ్ళు మండింది. కోపం ఎక్కువసేపు నిలబడలేదు, దాని చోట్లో సిగ్గు వచ్చి కూర్చుంది. అది ఆయనకు అలవాటు లేని సరుకు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లేచి కిటికీ రెక్క అనవసరంగా ఒకసారి మూసి తెరిచాడు. మరి ఆ పసిపిల్లల్ని అద్దానికి ఆనించడం ఏమిటని అడిగాడు. మొదట్లో వాచకం చదివినవాళ్ళే వెర్రిగా తీసుకెళ్ళారనీ, కోళ్ళగూటి కర్రకు మొక్కడమేమిటని తను తిట్టబోయిందనీ ఆమె చెప్పింది. తిట్టబోయి ఆగిందట.

"మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఇక్కడి మెట్లెక్కి అడిగాడు. ఆ తర్వాత నేను అడిగాను. మీదే అనడానికి కాగితమేదన్నారు. కోళ్ళగూటి కర్రకు కాగితం ఎవరి దగ్గరుంటుంది చెప్పు? మాది అంటే ఇవ్వలేదు. దేవుడిది అంటే ఇచ్చారు. దేవుణ్ణి మాత్రం ఎవరూ కాగితం అడగలేదు. నీ కార్డు ఎన్ని అబద్ధాలాడితే ఏం, మా అమ్మ చేత్తో చెక్కిన కర్ర మా ఇంటికొచ్చింది."

ఆమె కర్రను చీరముక్కలో చుట్టి చంకలో పెట్టుకుంది. వెళ్తుందేమో అనుకుంటే, మెట్ల వైపు కాకుండా గ్యాలరీలోకి నడిచింది. ఆయన వెనకే వెళ్ళాడు. ఆమె గోడ పొడుగునా ఒక్కో పెట్టె ముందూ ఆగి, ఇది ఫలానా వాళ్ళది, ఇది మా మేనత్తవాళ్ళ ఇంట్లోది, ఈ తాడు మా చిన్నాన్న పేనింది అని చుట్టపు వరసలు చెప్పుకుంటూ పోయింది. దిష్టిబొమ్మల కొలువులా ఎప్పుడూ నిర్జీవంగా ఉండే ఆ గదిలో ఇంత చుట్టరికం ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. చివరి పెట్టె దగ్గర ఒక వెదురు బుట్ట ఉంది, ఒక పక్క చిరిగి, నారతో కుట్టి ఉంది. అది మా అత్తదని చెప్పి, ఆ కుట్టు చూపించింది. తను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఈ బుట్ట లేదనీ, దీన్నీ, తను వేసిన ఈ కుట్టునూ అత్త పోయేదాకా తలుచుకునేదనీ చెప్పింది.

"దీనికేం రాశావు?" అని అడిగింది.

కార్డు అక్కడే ఉంది, అయినా ఆయన చెప్పడానికి జంకాడు. "గృహోపకరణం," అన్నాడు.

"మరి అలా రాస్తే మాకెలా వస్తుంది?"

ఆయన గది చుట్టూ ఒకసారి చూశాడు. ఏటి అవతలి సామాను సగం గది ఉంది. రాసే ప్రతి కార్డూ తన పెట్టెల్లోంచి ఒకదాన్ని వంతెన దాటిస్తుందని తెలుసు. ఇంకో ఏడాదికి ఇక్కడ దువ్వెనా, ఒంటి చెప్పూ లాంటివి తప్ప మిగలకపోవచ్చనీ తెలుసు. అయినా జేబులోంచి తాళాలు తీసి, పెట్టె తెరిచి, పాత కార్డు బయటికి లాగి, వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని కలం తీశాడు.

"ఇందులో ఏం పెట్టేవాళ్ళు?" అని అడిగాడు.

"ఉల్లిపాయలు. అది మాత్రం రాయకు."

ఆయన రాయలేదు. కొత్త కార్డు మీద, పంటల తల్లి ఏడాదికొకసారి ఈ బుట్టలో నిద్రించునని, నారతో వేసిన కుట్టు భూమికీ ఆకాశానికీ గల బంధమని, ఇది లేని ఇంట పంట నిలువదని రాసి, ఆమెకు చదివి వినిపించాడు. పెద్దమ్మ తల వంచి, చెవి దగ్గరికి పెట్టి శ్రద్ధగా వింది. విన్నాక బుట్ట వంక ఒకసారి, కార్డు వంక ఒకసారి చూసింది.

"బాగుంది," అంది. "ఇంకొంచెం పెంచు."